పొరల కాడ, ఒంటిచెక్క కాడ: చెక్క బాణాల వాదంలో తేలినవి, తేలనివి

పలచని చెక్క పొరలను ఒకదానిపై ఒకటి జిగురుతో అతికించి, ఆ పలకను సన్నని కడ్డీలుగా కోసి, గుండ్రంగా చెక్కితే పొరల బాణపు కాడ తయారవుతుంది. లాంగ్‌బో, రికర్వ్, గుర్రపు విల్లు వంటి సంప్రదాయ విళ్లతో సాధన చేసేవారి మధ్య ఈ కాడ గురించి ఎడతెగని వాదం ఉంది. ఇది విరగదని కొందరంటారు. అనవసరమైన బరువని మరికొందరు, జిగురు పూసినది అసలు చెక్క బాణమే కాదని ఇంకొందరు అంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది, కానీ ముగ్గురూ మాట్లాడుతున్నది ఒకే గుణం గురించి కాదు. కాడ బిగువు వేరు, బరువు వేరు, కాడకూ కాడకూ మధ్య పోలిక వేరు, దెబ్బ తట్టుకునే శక్తి వేరు. వీటిలో కొన్ని పొరలు వేయడం వల్ల వచ్చేవి, కొన్ని వాడిన చెట్టు జాతి వల్ల వచ్చేవి. వాదం ఇంతగా చిక్కుపడడానికి ప్రధాన కారణం ఈ రెండింటినీ కలిపేసుకోవడమే.

అతుకు బాణాల పూర్వచరిత్ర

ఒకే బాణంలో రెండు రకాల చెక్కను కలపడం చాలా పాత పద్ధతి. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన ‘ఓట్జి’ మనిషి సుమారు 5,300 ఏళ్ల నాటివాడు. అతని అంబులపొదిలో 14 బాణాలుంటే పూర్తిగా తయారైనవి రెండే. వాటిలో ఒకటి అతుకు బాణం. కాడ వైబర్నమ్ పొద కొమ్మ, ముందు భాగం డాగ్‌వుడ్ ముక్క. ప్రాచీన ఈజిప్టులోనూ తేలికైన రెల్లు కాడకు ముందువైపు గట్టి చెక్క ముక్క చేర్చేవారు. రెండుచోట్లా కారణం ఒక్కటే. బాణానికి దెబ్బ తగిలేది ముందు భాగంలో. కాడంతా గట్టి చెక్కతో చేస్తే బరువెక్కుతుంది, కాడంతా తేలిక చెక్కతో చేస్తే మొన దగ్గర విరుగుతుంది.

ఇంగ్లండులో రోజర్ ఆస్కమ్ 1545లో వెలువరించిన ‘టాక్సోఫిలస్’లో బాణాలకు వాడే 15 రకాల చెక్కలను పేర్కొని, యుద్ధ బాణాలకు యాష్ మేలన్నాడు. గట్టి చెక్క ముక్క అతికించిన బాణాల ప్రస్తావన కూడా అందులో ఉంది. అదే ఏడాది మునిగి 1982లో పైకి తీసిన ‘మేరీ రోజ్’ నౌకలో వేల సంఖ్యలో బాణాలు దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం పాప్లర్ చెక్కవి. పుస్తకం యాష్‌ను మెచ్చుకున్నా నౌకలోకి చేరింది పాప్లర్. చెక్క ఎంపికలో ఆదర్శం ఒకటి, సరఫరా మరొకటి అన్నది అప్పటినుంచీ ఉన్నదే. పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ గురిపోటీల్లో పైన్ కాడ ముందు భాగాన గట్టి చెక్కను చేప తోకలా చీల్చి అతికించిన ‘ఫుటెడ్’ బాణం ఉత్తమమైనదిగా పేరు పొందింది. అప్పట్లో బాణాల బరువును వెండి షిల్లింగులతో తూచేవారు. ఐదు షిల్లింగుల బాణం అంటే దాదాపు 436 గ్రెయిన్లు, సుమారు 28 గ్రాములు.

అమెరికాలో శాక్స్టన్ పోప్ తన 1923 నాటి వేట పుస్తకంలో బర్చ్ డోవెళ్లతో, అంటే గుండ్రని కడ్డీలతో, బాణాలు చేసే పద్ధతి వివరించాడు. ఆ తర్వాత ఒరెగాన్ నైరుతి తీరంలోనూ దాన్ని ఆనుకున్న కాలిఫోర్నియాలోనూ మాత్రమే సహజంగా పెరిగే పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ రంగంలోకి వచ్చి, దశాబ్దాల పాటు చెక్క బాణానికి మారుపేరైంది. తేలిక, తిన్నని నార, విరిగినప్పుడు వచ్చే ఘాటైన సువాసన దాని గుర్తులు. 1950ల తొలినాళ్లలో ఆ అడవుల్లోకి ప్రవేశించిన ‘ఫైటాఫ్తోరా లాటరాలిస్’ అనే వేరుకుళ్లు తెగులు చాలా చెట్లను బలిగొంది. పెద్ద వయసు చెట్ల సరఫరా తగ్గడంతో డగ్లస్ ఫర్, సిట్కా స్ప్రూస్, లాడ్జ్‌పోల్ పైన్‌లకు గిరాకీ పెరిగింది. అంతకుముందే లోహం పోటీకి దిగింది. 1922లో చెక్క బాణాల తయారీ ప్రారంభించిన డగ్ ఈస్టన్ 1939లో అల్యూమినియం బాణాలు చేశాడు.

చెక్కనే ఉంచి దాని లోపాలు సవరించాలన్న ప్రయత్నాలూ ఆగలేదు. ఒరెగాన్‌లో బిల్ స్వీట్‌లాండ్ సెడార్‌ను ఒత్తిడితో నొక్కి చిక్కబరచి ‘ఫోర్జ్‌వుడ్’ కాడలు చేశాడు. పొరల కాడ ఈ ప్రయత్నాల వరుసలోదే అయినా, దాని మూలం విలువిద్యలో లేదు, ప్లైవుడ్ పరిశ్రమలో ఉంది. బర్చ్ దుంగను లేతుపై తిప్పుతూ పొరలుగా ఒలవడం, కృత్రిమ రెసిన్ జిగుళ్లతో అతికించడం రెండో ప్రపంచయుద్ధ కాలానికే విమాన తయారీలో నిగ్గుతేలిన పనులు. బ్రిటన్ మస్కీటో విమానం దేహంలో బర్చ్ ప్లైవుడ్‌కూ బాల్సాకూ ముఖ్యస్థానముంది. అయితే ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా, పక్క పొరది అడ్డంగా ఉంటుంది. బాణపు కాడలో పొరలన్నింటి నారా పొడవునే సాగాలి. ఈ ఒక్క తేడా తెలియక మామూలు ప్లైవుడ్ చీలికలతో కాడలు చేయబోయినవారికి వంగే, విరిగే కర్రలే మిగులుతాయి.

బిగువు, బరువు: లెక్కలు చెప్పేది

విలుకాడు నారి వదిలినప్పుడు బాణం తిన్నగా పోదు. నారి తోపుకు అది పక్కకు వంగి, విల్లు పిడిని చుట్టుకుంటూ దాటి, ఊగుతూ తిన్నబడుతుంది. దీనికి ‘విలుకాడి వైపరీత్యం’ అనే అర్థమిచ్చే పేరును రాబర్ట్ ఎల్మర్ పెట్టాడు. పాల్ క్లాప్‌స్టెగ్, క్లారెన్స్ హిక్‌మన్ వంటి శాస్త్రజ్ఞులు అతివేగపు ఛాయాచిత్రాలతో దీన్ని కళ్లకు కట్టారు. కాడ మరీ బిగువుగా ఉన్నా, మరీ మెత్తగా ఉన్నా బాణం పిడికి తగులుతుంది లేదా పక్కకు పోతుంది.

ఆ బిగువును కొలిచే కొలతే స్పైన్. చెక్క బాణాలకు వాడే పాత అమెరికన్ పద్ధతిలో 26 అంగుళాల దూరాన ఉన్న రెండు ఆనికల మీద కాడను ఉంచి, మధ్యలో 2 పౌండ్ల బరువు వేలాడదీస్తారు. 26ను ఆ వంపు అంగుళాలతో భాగిస్తే స్పైన్ పౌండ్లలో వస్తుంది. అర అంగుళం వంగితే 52 పౌండ్లు. కార్బన్ బాణాలకు వాడే కొత్త పద్ధతిలో ఆనికల దూరం 28 అంగుళాలు, బరువు 1.94 పౌండ్లు. ఒక పద్ధతి అంకెను మరో పద్ధతి పట్టికలో వెతికి నిరాశపడేవారు ఎందరో.

బిగువు వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. 11/32 అంగుళాల కాడను 5/16కు తగ్గిస్తే వ్యాసం తగ్గేది తొమ్మిది శాతమే, బిగువు మాత్రం మూడో వంతు పడిపోతుంది. ఇసుక కాగితంతో కాస్త ఎక్కువ రుద్దినా స్పైన్ మారిపోవడం అందుకే.

బరువు లెక్క ఇంకా తేట. 32 అంగుళాల పొడవు, 11/32 వ్యాసం గల కాడ ఘనపరిమాణం సుమారు 48.7 ఘన సెంటీమీటర్లు. పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ సాంద్రత 0.46 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి ఆ కాడ బరువు 350 గ్రెయిన్ల దగ్గర తేలుతుంది. ఎల్లో బర్చ్ సాంద్రత 0.69 ప్రాంతంలో ఉంటుంది. అదే కొలతల బర్చ్ కాడ 520 గ్రెయిన్లు తూగుతుంది. జిగురు దానికి అదనం. బిగువు అంతగా పెరగదు. అవే జాతుల సగటు స్థితిస్థాపకతతో లెక్కిస్తే సెడార్ కాడ స్పైన్ 41 పౌండ్ల దగ్గర, బర్చ్ కాడది 49 పౌండ్ల దగ్గర వస్తుంది. బరువు దాదాపు సగం పెరిగితే బిగువు ఐదో వంతు మాత్రమే పెరిగింది. ఇవి సగటు అంకెలు. ఒకే జాతిలో చెట్టుకూ చెట్టుకూ తేడా ఎక్కువే.

ఈ లెక్కలో జిగురు పాత్ర, పొరల పాత్ర దాదాపు లేవు. పొరలు లేని బర్చ్ డోవెల్ కూడా ఇంతే తూగుతుంది. పొరల కాడ అంటే బరువైన కాడ అన్న పేరు పొరల తప్పు కాదు, బజారులో దొరికే పొరల కాడల్లో చాలా భాగం బర్చ్‌వి కావడం వల్ల వచ్చింది. స్ప్రూస్ పొరలతో చేసిన కాడ స్ప్రూస్ లాగానే తేలికగా ఉంటుంది.

పొరలు నిజంగా చేసే మేలు

ఒంటిచెక్క కాడకు ప్రధాన శత్రువు తెగిన నార. డోవెల్ యంత్రం చెక్కను తిన్నని గీతలో చెక్కుతుంది, నార ఏటవాలుగా ఉంటే దాన్ని అడ్డంగా నరికేస్తుంది. మాడిసన్‌లోని అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల ప్రచురించిన అంకెల ప్రకారం, నార పదింటికి ఒకటి చొప్పున ఏటవాలైతే వంపు బలం తిన్నని చెక్కలో సుమారు 81 శాతానికి, దెబ్బ తట్టుకునే శక్తి 62 శాతానికి దిగుతుంది. ఇరవైకి ఒకటి అయితే ఆ నష్టం ఏడు, పది శాతాలకే పరిమితం. బాణం చచ్చేది రాయికో మోడుకో తగిలిన దెబ్బతో కాబట్టి రెండో అంకె మరీ ముఖ్యం.

పొరలు వేసినంత మాత్రాన ఈ ఏటవాలు పోదు. పొర ఒలిచేటప్పుడు కూడా నార కత్తికి అడ్డం పడవచ్చు, పైగా లేతు కత్తి పొర లోపలివైపు సన్నని పగుళ్లు మిగిల్చుతుంది. పొరలు చేసే మేలు మరొకటి. ఒక పొరలోని ముడి, ఏటవాలు, బలహీనత పక్క పొరలోకి సాగవు. పగులు ఒక పొరలో పుట్టినా జిగురు గీత దగ్గర దారి మళ్లుతుంది. అందుకే పొరల కాడ ఒక్కసారిగా రెండు తుంటలు కాకుండా పేడు లేచి, చీలి, చివరికి లొంగుతుంది. విలుకాడి ముంజేతికి ఇది చిన్న సంగతి కాదు.

రెండో మేలు పోలిక. ఏడు పొరల కాడ బిగువు ఏడు చెక్కల సగటు. ఒక చెట్టు తేడా మరో చెట్టు తేడాతో కొంత కొట్టుకుపోతుంది. డజను కాడలను ఐదు పౌండ్ల స్పైన్ వ్యత్యాసం లోపల, పది గ్రెయిన్ల బరువు వ్యత్యాసం లోపల ఏరాలంటే ఒంటిచెక్కలో పెద్ద కుప్ప తిరగేయాలి. మంచి పొరల కాడల్లో చిన్న కుప్ప చాలు. అయితే ఈ మేలు పూర్తిగా తయారీదారు శ్రద్ధ మీద నిలిచింది. పొరలన్నీ ఒకే దుంగవైతే సగటు వల్ల ఒరిగేది తక్కువ. తేమ వేర్వేరుగా ఉన్న పొరలను కలిపి అతికిస్తే కాడ కొన్ని నెలల్లో వంకర తిరుగుతుంది, అప్పుడు దాన్ని సరిచేయడం ఒంటిచెక్క కంటే కష్టం.

ఎవరి వాదం ఏమిటి

ఒంటిచెక్క పక్షం వాదన తేలికగా తీసేయదగినది కాదు. వీరిలో శ్రద్ధగలవారు చెక్కను రంపంతో కోయరు. నార వెంట చీల్చి, ఆ చీలిక మీద చిత్రిక పట్టి కాడ తీస్తారు. అలా తీసిన కాడలో నార కొస నుంచి కొసదాకా తెగదు, కాబట్టి పొరలతో సవరించాల్సిన లోపమే ఉండదు. స్ప్రూస్ వంటి జాతులకు బరువుతో పోల్చిన బిగువు బర్చ్ కంటే బాగా ఎక్కువ. వేగం, చదునైన బాణమార్గం కావలసిన దూరపు గురికి వీరి మాటే నెగ్గుతుంది. బలహీనత శ్రమలో ఉంది, దుంగలో ఉంది. చీల్చడానికి పనికొచ్చే తిన్నని పాతచెట్లు తగ్గిపోతున్నాయి.

పొరల బర్చ్ పక్షంలో ఎక్కువమంది అడవుల్లో మోళ్లకూ మట్టి దిబ్బలకూ గురిపెట్టి తిరిగేవారు, త్రీడీ బొమ్మల పోటీలవారు, వేట చట్టబద్ధమైన దేశాల్లోని వేటగాళ్లు. రోజుకు డజను బాణాలు విరగ్గొట్టుకోవడం కంటే వేగంలో కొంత వదులుకోవడం నయమన్నది వీరి లెక్క. 50 పౌండ్ల విల్లుకు 29 అంగుళాల 11/32 బర్చ్ కాడ, 125 గ్రెయిన్ల ములికి, ఈకలు, తోకన తాడు పట్టే నాక్ కలిపితే దాదాపు 630 గ్రెయిన్లు, అంటే పౌండుకు 12 గ్రెయిన్ల పైనే. సెడార్ బాణం అదే కొలతలో 475 దగ్గర ఆగుతుంది. సంప్రదాయ విళ్లకు పౌండుకు తొమ్మిది, పది గ్రెయిన్లు సరిపోతాయన్నది వాడుకలో ఉన్న అంచనా. బరువు బాణం విల్లు నుంచి ఎక్కువ శక్తిని గుంజుకుంటుంది, విల్లు చప్పుడూ తగ్గుతుంది. నలభై గజాల అవతల మాత్రం బాణం దిగజారుడు స్పష్టంగా తెలుస్తుంది. బరువు తగ్గించడానికి 5/16 బర్చ్‌కు దిగితే స్పైన్ ముప్పైల్లోకి జారుతుంది. కాబట్టి ఈ కాడలో సన్నదనం, బిగువు రెండూ కలిసి దొరకవు.

మూడో పక్షం పొరలను బల్లపరుపుగా కాక కాడ నడిమి చుట్టూ ముక్కల్లా అమర్చుతుంది. ఆరు ముక్కోణపు బద్దలను చుట్టూ పేర్చి అతికించే ఈ పద్ధతి పంతొమ్మిదో శతాబ్దపు చీల్చిన వెదురు గాలపు కర్రల నుంచి వచ్చింది. దీని ఆకర్షణ సౌష్ఠవంలో ఉంది. కాడను ఎటు తిప్పి కొలిచినా స్పైన్ దాదాపు ఒకటే. వెదురుకైతే మరో లాభం కూడా ఉంది. వెదురు బలమంతా బయటి చర్మానికి దగ్గరి నారలో ఉంటుంది, ఈ అమరికలో ఆ నార కాడ అంచుకే చేరుతుంది, వంపును తట్టుకునేదీ అంచే. చైనాకు చెందిన టాంకిన్ వెదురు ఇందుకు పేరుపొందింది. భారతదేశంలో వెదురును చీల్చి అతికించకుండా బొంగుగానే బాణాలకు వాడటం అలవాటు. దేశీయ పోటీల ‘ఇండియన్ రౌండ్’ విభాగంలో నేటికీ వెదురు విల్లే వాడతారు. నల్లమల చెంచుల బాణమూ పొరలు తెలియనిదే. గట్టిగా, దాదాపు నిండుగా పెరిగే సాధన వెదురు తెలుగు అడవుల్లో విరివిగా ఉన్నా, దాన్ని బద్దలుగా తీసి కాడలు చేసే దిశలో జరగవలసిన పని ఎంతో ఉంది. ఈ వ్యాస విషయంలో తెలుగు నేలకు ఆశ కలిగించే తావు ఇదే.

నాలుగో పక్షం ఫుటెడ్ బాణాలది. దెబ్బ తగిలేచోటే గట్టి చెక్క ఉండాలి, మిగతాచోట తేలిక చెక్క చాలు అన్న పురాతన వాదాన్నే వీరు కొనసాగిస్తున్నారు. బరువు పంపిణీలో దీన్ని మించిన చెక్క కాడ లేదు. ములికి వైపు బరువు పెరిగితే బాణం స్థిరంగా పోతుంది. కాడంతా బర్చ్ అయినప్పుడు తోక వైపు కూడా బరువెక్కి ఆ గుణం తగ్గుతుంది, దాన్ని సవరించడానికి ఇంకా బరువైన ములికి కావాలి. ఫుటెడ్ కాడకు చేతిపని ఎక్కువ, అతుకు తప్పితే కాడ మొత్తం వృథా.

నాలుగింటినీ ఒకచోట పెట్టి చూస్తే, వేగానికి నార వెంట చీల్చిన తేలిక చెక్క, మన్నికకు పొరల బర్చ్, అన్ని దిక్కులా సమాన బిగువుకు ఆరు బద్దల కాడ, సమతూకానికి ఫుటెడ్ కాడ ముందుంటాయి. డోవెల్ యంత్రం నుంచి ఏరకుండా వచ్చిన మామూలు ఒంటిచెక్క కాడ దేనిలోనూ ముందుండదు. పొరల కాడ గొప్పలు చెప్పేవారు తరచూ పోల్చేది దీనితోనే, అది న్యాయమైన పోలిక కాదు.

ఎంపిక, పనితనం

కాడ కొనేటప్పుడు మొదట చూడవలసింది కొస. గుండ్రని కొసలో పొరలు సమాన మందంతో, మధ్యగీతకు రెండువైపులా సరిసమానంగా ఉండాలి. ఒకవైపు మందపు పొర, మరోవైపు పలుచని పొర మిగిలితే ఆ కాడ పలకకు అంచున కోసినది, అది వంకర తిరిగే అవకాశం ఎక్కువ. తర్వాత జిగురు గీతలను కాడ పొడవునా కంటితో వెంబడించాలి. మధ్యలో గీత పక్కకు జారి బయటికి వస్తే అక్కడ పొర అంచు పలచబడి పేడులా లేస్తుంది. ఆపైన వంపు పరీక్ష. కాడను చెవి దగ్గర పట్టుకుని, తిప్పుతూ నాలుగు దిక్కులా మెల్లగా వంచితే, అతుకు విడిన కాడ సన్నగా చిటపటమంటుంది. చిటపటన్న కాడను కట్టెలపొయ్యిలో వేయడమే, జిగురుతో బతికించి విల్లుకు ఎక్కించకూడదు. దెబ్బ తిన్న ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి. కాంపౌండ్ విల్లుకు ఏ రకం చెక్క బాణమూ పనికిరాదు.

స్పైన్ ఎంపికలో విల్లు పౌండ్లు ఒక్కటే చాలవు. 28 అంగుళాలు దాటిన ప్రతి అంగుళానికి ఐదు పౌండ్లు, 125 గ్రెయిన్లు దాటిన ప్రతి 25 గ్రెయిన్ల ములికి బరువుకు ఐదు పౌండ్లు ఎక్కువ స్పైన్ ఎంచడం వాడుక సూత్రం. పిడి దగ్గర నడిమిదాకా కోసిన విల్లుకు బిగువైన కాడ, కోయని లాంగ్‌బోకు మెత్తని కాడ నప్పుతుంది. ఇవి వెతుకులాట మొదలుపెట్టే చోటును చెబుతాయి. తుది తీర్పు ఈకలు తీసిన బాణం గురి దిమ్మలో ఎటు వాలి గుచ్చుకుందన్నదే.

వంకర తీయడంలో రెండు రకాల కాడలకూ బాగా తేడా ఉంది. ఒంటిచెక్కను వేడి గాలికి చూపి, వ్యతిరేక దిశలో వంచి, చల్లారేదాకా పట్టుకుంటే చెక్క నిలుస్తుంది. పొరల కాడలో ఆ వేడి జిగురుకూ తగులుతుంది. తెల్ల పీవీఏ జిగురు వేడికి మెత్తబడుతుంది, పొరలు ఒకదానిమీద ఒకటి జారి కొత్త వంకర పుడుతుంది. యూరియా ఫార్మాల్డిహైడ్, రిసార్సినాల్ వంటివి అంత తేలిగ్గా లొంగవు, కాడ మళ్లీ పాత వంకరకే వచ్చేస్తుంది. అందుకే వేడిని తగ్గించి, నున్నటి లోహపు కొక్కెంతో ఉబ్బినవైపు ఒత్తి రుద్దుతూ కొద్దికొద్దిగా తీయడం మేలు. ఓపిక లేనివారు ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

కొసలు చెక్కడంలో ములికికి 5 డిగ్రీలు, ప్లాస్టిక్ నాక్‌కు 11 డిగ్రీల వాలు ప్రమాణం. పెన్సిల్ చెక్కే పరికరం వంటి చిన్న కత్తి సెడార్ మీద చక్కగా నడుస్తుంది, పొరల బర్చ్ మీద జిగురు గీత తగలగానే ఎగిరి చిల్లు పొడుస్తుంది. తిరిగే ఇసుక కాగితపు పళ్లెం, కోణానికి బిగించిన చెక్క ఆసరా ఈ కాడకు సరైన జత. చెక్కిన కొసలో పొరలు సూదిగా పలచబడతాయి కాబట్టి అక్కడ పలచని సూపర్ గ్లూ ఇంకనిచ్చి, ఆరాక ములికి ఎక్కిస్తే పొర లేవదు. వేడితో కరిగే జిగురుతో ములికి అతికించేవారు ములికిని వేడి చేయాలి, కాడను కాదు. తోకవైపు తొమ్మిది, పది అంగుళాల మేర 11/32 నుంచి 5/16కు సన్నగా తీయడం ఒంటిచెక్కలో మంచి అలవాటు, దానితో బాణం త్వరగా తిన్నబడుతుంది. పొరల కాడలో అదే పని పై పొరలను చాలా తక్కువ కోణంలో తెగ్గోస్తుంది. ఆ అంచులను పూతతో మూసేయకపోతే ఈకల కింద నుంచే పొర లేవడం మొదలవుతుంది.

రంగుల దగ్గర ఒక చిన్న చిక్కు. జిగురు గీత రంగు పీల్చదు, చెక్క పీల్చుతుంది, కాడ చారలుగా కనిపిస్తుంది. కొందరికి ఆ చారే అందం. నూనె పూత పెడితే ఈకల జిగురు పట్టదు కాబట్టి లక్కరో పాలీయురెథేనో మేలు.

జిగురు గీతలు ఎటు ఉండాలి

ఒంటిచెక్కలో వార్షిక వలయాల గీతలు అల్లెతాడుకు అడ్డంగా ఉండేలా గాడి తీస్తారు, విల్లు పిడికి వలయాల అంచు ఆనుతుంది. పొరల కాడలో ఏం చేయాలన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. స్పైన్ పరికరం మీద రెండు దిక్కులా కొలిచి, బిగువైన దిక్కును పిడికి ఆనించమని ఒక మాట. గీతల దిశతో పనిలేదని మరో మాట.

యాంత్రిక శాస్త్రం ఇక్కడ స్పష్టమైన సమాధానమే ఇస్తుంది. గీతలు అల్లెతాడుకు అడ్డంగా ఉంటే కాడ పక్కకు వంగేటప్పుడు పొరలన్నీ కలిసి అంచుమీద వంగుతాయి. పొరలన్నీ బిగువులో పాలు పంచుకుంటాయి, జిగురు గీతల మీద కోత ఒత్తిడి దాదాపు పడదు. గీతలు తాడుకు సమాంతరంగా ఉంటే బిగువు ఎక్కువగా బయటి రెండు పొరల మీదే ఆధారపడుతుంది, నడిమి గీత మీద కోత ఒత్తిడి గరిష్ఠమవుతుంది. కాడలోనే గాడి కోసేవారికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. గాడి అడుగు జిగురు గీత వెంట పడితే, తాడు తోపుకు కాడ రెండుగా చీలవచ్చు. అందుకే అడ్డ గీతల పక్షానిదే పైచేయి. రెండు దిక్కుల స్పైన్ తేడా రెండు మూడు పౌండ్లు మించిన కాడను, దిశ మార్చి సరిపెట్టుకోవడం కంటే పక్కన పెట్టడం మేలు.

తేలని ప్రశ్నలు

మొదటిది బరువు కాడ కదలికలోని స్పైన్ గురించి. ఒకే నిశ్చల స్పైన్ ఉన్న సెడార్, బర్చ్ కాడల్లో బర్చ్ నెమ్మదిగా ఊగుతుంది, బరువు ఎక్కువ కాబట్టి. కానీ అది విల్లును దాటడానికీ ఎక్కువ సమయం తీసుకుంటుంది. రెండు మార్పులూ ఒకదాన్నొకటి చాలావరకు సరిచేస్తాయి, పూర్తిగా కాదు. విల్లు రెక్కల బరువు కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి ప్రయాణ సమయం బాణం బరువుతో పాటు అంత వేగంగా పెరగదు. ఫలితంగా బరువు కాడ పట్టిక చెప్పినదానికంటే కాస్త మెత్తగా ప్రవర్తించాలి. ఎంత మెత్తగా అన్నది విల్లు సామర్థ్యం, పిడి కోత, విడిచే తీరు బట్టి మారుతుంది. సెడార్ కోసం తయారైన పట్టికలను పొరల బర్చ్‌కు ఉన్నదున్నట్టు వాడటం ఈ కారణంగానే తరచూ బెడిసికొడుతుంది. ఒక మెట్టు బిగువైన కాడతో మొదలుపెట్టి చూడమనే సలహాకు ఆధారం ఇదే.

రెండోది జిగురు ఆయుష్షు. ఇళ్లలోని ప్లైవుడ్ దశాబ్దాలు నిలుస్తుందన్నది నిజమే, కానీ బాణపు కాడ ప్రతి విడుపులోనూ వంగి ఊగి, ఆపైన గుద్దుకుంటుంది. చెమ్మ, ఎండ మార్పులు దానికి తోడు. చెక్కలో తేమ మారినప్పుడల్లా పొరలు ఉబ్బుతాయి, కుంచించుకుంటాయి, ఆ లాగుడు జిగురు గీత మీద పడుతుంది. పూత బాగున్న కాడ ఎక్కువకాలం నిలుస్తుందని ఒప్పుకోనివారు లేరు. ఏ జిగురు మేలన్నదానిపై తయారీదారుల మాటలు మాత్రం కలవవు, చాలామంది ఏ జిగురు వాడారో కొనేవారికి చెప్పరు. వేడి చేయాలా వద్దా అన్నది దాన్ని బట్టే తేలాలి కాబట్టి ఈ మౌనం పనివారికి అన్యాయం చేస్తోంది.

మూడోది నియమాలది. ప్రపంచ ఆర్చరీ సమాఖ్య పోటీల లాంగ్‌బో విభాగంలో చెక్క కాడలే వాడాలి. చెక్క అన్న మాటకు హద్దు ఎక్కడన్నది అసలు ప్రశ్న. ఫుటెడ్ కాడలో జిగురుంది, దాన్ని సంప్రదాయం కాదనేవారు లేరు. ఆరు పొరల కాడలో జిగురు ఎక్కువ, అయినా బరువులో అత్యధిక భాగం చెక్కే. రెసిన్ నిండా ఎక్కించి నొక్కిన చెక్క దగ్గరికి వచ్చేసరికి ఆ నిష్పత్తి మారుతుంది, అది చెక్క గుణాల కంటే ప్లాస్టిక్ గుణాలకు దగ్గరవుతుంది. గీత అక్కడ గీయడం సబబుగా తోస్తుంది. చారిత్రక పునర్నిర్మాణాలు చేసే సంఘాల సంగతి వేరు. అక్కడ ప్రశ్న ఆ కాలంలో ఆ కాడ ఉండేదా అన్నది, ఒలిచిన పొరల కాడకు ఆ అర్హత లేదు.

నాలుగోది అడవికి సంబంధించినది. నార వెంట చీల్చడానికి పెద్ద, పాత, ముడులు లేని చెట్టు కావాలి, దానిలోనూ వృథా ఎక్కువ. పొరలకు చిన్న దుంగలు చాలు, లోపమున్న పొరను పక్కన పెట్టి మిగతాది వాడుకోవచ్చు. ఈ లెక్కన పొరల కాడ చెట్టుకు మేలు చేస్తుంది. రెసిన్ జిగుళ్ల తయారీ, ఫార్మాల్డిహైడ్ ఆవిరి, జిగురున్న పొడి తిరిగి మట్టిలో కలవకపోవడం అవతలి పళ్లెంలో ఉన్నాయి. ఇసుక కాగితం పట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమనే హెచ్చరిక ఒంటిచెక్కకూ వర్తిస్తుంది, పొరల కాడకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది.